చేతికందే వంటిల్లు



కొత్త ఇల్లు కట్టుకుంటున్న వాళ్ళని వంటింటి గురించి అడిగి చూడండి. ముందుగా రంగు చెబుతారు. తెలుపు వేయిద్దామా, బూడిదరంగు వేయిద్దామా అంటారు. తలుపులు మెరిసేవి బాగుంటాయా, మెరవనివి బాగుంటాయా అంటారు. ఆ తర్వాత ఫోన్ తీసి ఒక ఫోటో చూపిస్తారు. ఆ ఫోటోలో గట్టు మీద ఒక పూలకుండీ ఉంటుంది. రెండు నిమ్మకాయలు ఉంటాయి. ఇంకేమీ ఉండదు.

మన గట్టు మీద ఏముంటాయో మీకు తెలుసు. మిక్సీ. దాని జార్లు. నూనె క్యాను. పాలగిన్నె. కడిగి బోర్లించిన పళ్ళాలు. ఇంకా సర్దని కూరగాయల సంచి. వీటన్నిటి మధ్యా ఎక్కడో మూల ఒక జానెడు జాగా మిగులుతుంది. వంకాయలు తరగాలన్నా, చపాతీలు ఒత్తాలన్నా ఆ జానెడులోనే.

లక్షలు పోసి చేయించిన వంటిల్లు కూడా ఆరునెలలు తిరిగేసరికి ఇలాగే తయారవుతుంది. ఇంట్లో వాళ్ళకి సర్దుకోవడం రాదని మాత్రం అనకండి. ఆ వస్తువులకి వేరే చోటు లేదు. ఉన్నా అది చేతికి అందదు. అందనిచోట పెట్టిన మిక్సీ మళ్ళీ గట్టు మీదికే వచ్చి కూర్చుంటుంది.

ఇళ్ళ ప్లాన్లు గీసే పని నాది. ఈరోజు మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. ఏ వస్తువు మొదట ఎక్కడ వాడతామో, దాన్ని అక్కడే పెట్టుకోవాలి. వంగకుండా, ఎగరకుండా అందేలా పెట్టుకోవాలి. అలా పెట్టుకుంటే గట్టు ఖాళీ అవుతుంది. గట్టు ఖాళీ అయితే వంటింటికి అందం వస్తుంది. రంగుల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

కంసాలి పనిచేస్తుంటే ఎప్పుడైనా చూశారా? కుంపటి, ఊదుగొట్టం, పట్టుకారు, చిన్న సుత్తి, అన్నీ ఆయన చుట్టూ చేతిదూరంలో ఉంటాయి. ఏ పనిముట్టు కోసమూ ఆయన లేవడు. కొన్నిటి కోసం తల కూడా తిప్పడు. వంటిల్లూ అలా ఉండాలి.

ఒకప్పుడు మన వంటిళ్ళు అలాగే ఉండేవి. నేల మీద పొయ్యి. పొయ్యి ముందు పీట. ఒకవైపు ఉప్పు, పోపులపెట్టె. ఇంకోవైపు నీళ్ళచెంబు. పక్క గోడలో గూడు. కత్తిపీట, రోలు, కవ్వం, అన్నీ కూర్చుని చేసే పనికి పుట్టినవే. వాటి కొలతలన్నీ కూర్చున్న మనిషి కొలతలే. పొగ మాత్రం ప్రాణం తీసేది. ఆ పొగ సంగతి చూద్దామని పూనుకున్నవాళ్ళలో హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలకు చెందిన డాక్టర్ ఎస్.పి.రాజుగారు ఒకరు. పొగ గొట్టంలోంచి బయటికి పోయే మట్టిపొయ్యి తయారుచేశారు. 1953లో దాని మీద పుస్తకం కూడా రాశారు. ఒక ఇంజనీరు పొయ్యి ముందు కూర్చుని ఆలోచించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

తర్వాత గ్యాసు వచ్చింది. ముందు పట్నాలకి వచ్చింది. 1999లో దీపం పథకం పెట్టాక పల్లెల్లోకీ బాగా వెళ్ళింది. దాంతో కూర్చుని వండే మనిషి లేచి నిలబడింది. కానీ నిలబడిన మనిషి ఎత్తు ఎవరూ కొలవలేదు. మేస్త్రీ తన నడుము దగ్గర చెయ్యి పెట్టి, "ఇంతెత్తు చాలామ్మా?" అన్నాడు. ఆవిడ తలూపింది. గట్టు లేచిపోయింది. ఆ గట్టు దగ్గర ఆవిడ ముప్పై ఏళ్ళు నడుం నొప్పితో వండింది.

అందుకే ముందు ఎత్తు సంగతి మాట్లాడుకుందాం. కాగితం, పెన్సిలు దగ్గర ఉంటే తీసుకోండి. లేకపోయినా ఫరవాలేదు, చాలా తేలిక.

వంట చేసేటప్పుడు ఎలా నిలబడతారో అలా నిలబడండి. భుజాలు వదిలేయండి. మోచెయ్యి మడవండి. చెయ్యి ముందుకు తిన్నగా, నేలకు సమంగా ఉండాలి. ఇప్పుడు నేల నుంచి మీ మోచేతి దాకా టేపు పట్టి కొలవమనండి. వచ్చిన కొలతలోంచి 4 నుంచి 6 అంగుళాలు తీసేయండి. మిగిలింది మీ గట్టు ఎత్తు. మళ్ళీ చెబుతున్నాను. నేల నుంచి మోచేతి దాకా కొలవాలి. అందులోంచి 4 నుంచి 6 అంగుళాలు తగ్గించాలి. అంతే.

5 అడుగుల మనిషికి మోచెయ్యి సుమారుగా 38 అంగుళాల దగ్గర ఉంటుంది. అంటే ఆవిడకి గట్టు 32 నుంచి 34 అంగుళాలు ఉండాలి. 5 అడుగుల 4 అంగుళాల మనిషికి ఇంకో 2 అంగుళాలు పెంచొచ్చు. మన ఆడవాళ్ళలో ఎక్కువమంది 5 అడుగులకి కాస్త అటూ ఇటూ ఉంటారు. మరి మాడ్యులర్ కిచెన్ క్యాటలాగుల్లో చాలాసార్లు కనిపించేది 36 అంగుళాలు. అది అమెరికా వాళ్ళ కొలత. 36 అంగుళాల గట్టు మీద 5 అడుగుల మనిషి చపాతీ ఒత్తితే ఏమవుతుంది? భుజాలు చెవుల దాకా లేస్తాయి. పది చపాతీలయ్యేసరికి మెడ పట్టేస్తుంది. తప్పు పిండిది కాదు, పీటది కాదు. గట్టుది.

పొయ్యి దగ్గర ఇంకొంచెం తగ్గించాలి. ఎందుకంటారా? పొయ్యికే ఒక ఎత్తుంది. దాని మీద గిన్నె. గిన్నె మీద గరిటె. అన్నీ కలిపి పైకి పోతాయి. పెద్ద గిన్నెలో సాంబారు కలుపుతున్నప్పుడు గరిటె పట్టిన చెయ్యి భుజాన్ని దాటుతోందా? గిన్నెలో ఏముందో చూడడానికి మునివేళ్ళ మీద లేస్తున్నారా? అయితే మీ పొయ్యి ఎత్తు ఎక్కువైనట్టే. పొయ్యి పెట్టే భాగాన్ని 3, 4 అంగుళాలు కిందికి దించి కట్టించుకోవచ్చు. బండలో దిగబడి ఉండే హాబ్ తీసుకున్నా సరిపోతుంది. సింకు దగ్గర లెక్క తిరగబడుతుంది. అక్కడ చేతులు పనిచేసేది సింకు అడుగున. గిన్నెల కోసం వంగి వంగి నడుం పోతుంది. కాబట్టి సింకు అంచు కాస్త ఎత్తుగా ఉన్నా మంచిదే.

ఇంకో చిన్న సంగతి. ఇది ఎవరూ చెప్పరు. గట్టు కింద, నేలకి ఆనుకుని, పాదం ముందుభాగం దూరేంత ఖాళీ వదలాలి. 3 అంగుళాల లోతు, 4 అంగుళాల ఎత్తు చాలు. అది లేకపోతే బొటనవేలు అరకి తగులుతుంది. మనిషి అరడుగు వెనక్కి నిలబడుతుంది. అరడుగు వెనక్కి నిలబడి ముందుకు వంగి తరుగుతుంది. ఇటుక గోడలు లేపి గట్టు కట్టించిన ఇళ్ళల్లో ఈ ఖాళీ ఉండనే ఉండదు. మేస్త్రీకి ముందే చెబితే పైసా ఖర్చు లేని పని.

ఇప్పుడు మన అసలు మాటకి వద్దాం. ఏ వస్తువు మొదట ఎక్కడ వాడతామో, అది అక్కడే ఉండాలి.

పోపు సంగతి తీసుకోండి. మన వంటలో ఇంత తొందరగా చేయాల్సిన పని ఇంకోటి లేదు. బాండీలో నూనె కాగింది. ఆవాలు వేశారు. చిటపటమంటున్నాయి. వెంటనే మినప్పప్పు. అది ఎర్రబడేలోగా జీలకర్ర, ఎండుమిర్చి. చిటికెడు ఇంగువ. చివర కరివేపాకు. మొత్తం కలిపి నిమిషం కూడా పట్టదు. ఈ నిమిషంలో మీరు ఎన్ని వైపులకి వెళుతున్నారు? ఇంగువ డబ్బా పై అలమరలో ఉందా? కరివేపాకు ఫ్రిజ్‌లో ఉందా? ఫ్రిజ్ హాల్లో ఉందా? మీరు తిరిగొచ్చేసరికి మినప్పప్పు నల్లబడి ఉంటుంది. పోపు ఎవరి కోసమూ ఆగదు.

మరి పోపులపెట్టె ఎక్కడుండాలి? పొయ్యికి పక్కనే, మీ కుడిచేతి వైపు. ఎడమచేతివాటం అయితే ఎడమవైపు. గట్టుకి కిందే ఉండే మొదటి సొరుగు దానికి చక్కటి చోటు. సొరుగు లాగితే మూత తీసిన పోపులపెట్టె పైనుంచి మొత్తం కనిపిస్తుంది. పక్కనే ఇంగువ, ఉప్పు, పసుపు, కారం. దాని కింద సొరుగులో గరిటెలు, అట్లకాడ, పట్టుకారు. మసిగుడ్డకి అక్కడే ఒక కొక్కెం. కరివేపాకు మాత్రం వంట మొదలెట్టే ముందే కడిగి, తడి ఆర్చి దగ్గర పెట్టుకోండి. తడి ఆకు నూనెలో పడితే ఏమవుతుందో మీ చేతులకి తెలుసు.

చాలా ఇళ్ళల్లో ఈ డబ్బాలన్నీ పొయ్యికి ఎదురుగా, గోడకి కొట్టిన అరలో ఉంటాయి. చూడడానికి వరసగా, ముచ్చటగా ఉంటుంది. కానీ మంట మీదుగా చెయ్యి చాపాలి. కొంగో, చున్నీయో వేలాడుతుంటుంది. కింద మంట. పైగా ఆవిరీ, వేడీ తగిలి కారం రంగు తగ్గిపోతుంది, ఉప్పు చెమ్మగిల్లుతుంది. పొయ్యి పైన చిమ్నీ తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఇది గుర్తుపెట్టుకోండి. పొయ్యి పక్కన పెట్టండి, పొయ్యి పైన వద్దు.

ఇలాగే మిగతావి కూడా చూసుకోండి. కుక్కరు మొదట ఎక్కడికి వెళుతుంది? పొయ్యి మీదికి కాదు. బియ్యం కడగడానికి సింకు దగ్గరికి వెళుతుంది. కాబట్టి కుక్కరూ, బియ్యం డబ్బా, పప్పుల డబ్బాలూ సింకు వైపు ఉండాలి. చాకూ, తరిగే చెక్కా సింకుకీ పొయ్యికీ మధ్య ఉండాలి. కడిగాక తరుగుతాం, తరిగాక పొయ్యి మీద వేస్తాం కదా. ఆ మధ్య జాగా కనీసం 2 అడుగులు, వీలైతే 3 అడుగులు వదలండి. అది ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. అక్కడ మిక్సీ పెడితే నాకు కోపం వస్తుంది.

ఈ ఆలోచన మీద మొత్తం వంటింటినే గీసిన ఒకావిడ ఉండేది. పేరు మార్గరెట్ షుట్టె లిహోట్‌స్కీ. ఆస్ట్రియా దేశపు ఆర్కిటెక్టు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో ఇళ్ళ కొరత. ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కార్మికుల కోసం వేలకొద్దీ ఇళ్ళు కట్టించింది. ఆ ఇళ్ళకి 1926లో ఈవిడ వంటిల్లు గీసింది. వెడల్పు 2 మీటర్ల లోపు. పొడవు మూడున్నర మీటర్ల లోపు. బాగా ఇరుకు. రైలు భోజనాల బోగీలో అంత చిన్న చోట అంతమందికి ఎలా వండుతున్నారో చూసి, అక్కడి కిటుకులు తీసుకుంది. ఏ పనికి ఎంతసేపు పడుతోందో గడియారం పెట్టి కొలిచిన లెక్కలు ముందేసుకుంది. కిటికీ ముందు తరుగుడు బల్ల, దాని ముందు తిరిగే స్టూలు. బియ్యానికీ, పంచదారకీ అల్యూమినియం సొరుగులు. ఆ సొరుగు మూతి గరాటులా ఉండేది. లాగి నేరుగా గిన్నెలోకి ఒంపుకోవచ్చు. పిండి పెట్టే సొరుగులు ఓక్ చెక్కతో చేయించింది, పురుగు పట్టదని. తలుపులకి నీలం కలిసిన ఆకుపచ్చ రంగు వేయించింది. ఎందుకో తెలుసా? ఆ రంగు మీద ఈగలు వాలవని అప్పట్లో నమ్మకం. రంగుకి కూడా ఒక పని అప్పజెప్పింది. అలాంటి వంటిళ్ళు దాదాపు 10,000 కట్టారు. ఈనాటి మాడ్యులర్ కిచెన్లన్నిటికీ అదే ముత్తవ్వ.

తమాషా ఏమిటంటే, ఆ రోజులకి ఆవిడకి వంట చేసే అలవాటే లేదు. తర్వాత ఆవిడే ఆ సంగతి చెప్పుకుంది. ఆ వంటింట్లో ఒక లోపం కూడా ఉంది. అందులో ఒక్క మనిషే పనిచేయగలదు. రెండో మనిషి వస్తే దారి లేదు. మన ఇళ్ళల్లో అది కుదరదు. అత్తాకోడలూ కలిసి వండుతారు. పండగొస్తే ఆడపడుచులు వస్తారు. ఒకరు బూరెలు వేస్తుంటే ఒకరు పులిహోర కలుపుతారు. రెండువైపులా గట్టు ఉండే వంటింట్లో మధ్య దారి 4 అడుగులు వదలండి. ఒకరు పొయ్యి దగ్గర నిలబడి ఉండగా, వెనకనుంచి ఇంకొకరు వేడి గిన్నె పట్టుకుని దాటాలి. అది లెక్కపెట్టుకోండి.

దారి అంటే గుర్తొచ్చింది. ఫ్రిజ్, మంచినీళ్ళూ వంటింటి గుమ్మం దగ్గరే పెట్టండి. రోజంతా పిల్లలు నీళ్ళకోసం వస్తారు. పెద్దాయన మజ్జిగ కోసం వస్తాడు. వాళ్ళు పొయ్యి దాకా రాకుండానే వాళ్ళ పని అయిపోవాలి.

ఇక సామాను. మన ఇళ్ళల్లో సామాను ఎక్కువ. దానికి సిగ్గుపడనక్కర్లేదు. ఏడాదికి సరిపడా చింతపండు కొంటాం. కారం పట్టిస్తాం. ఆవకాయ పెడతాం. క్యాటలాగు గీసినవాడికి ఆవకాయ జాడీ తెలియదు. అందుకని సామాన్ని మూడుగా విడదీసుకోండి. రోజూ వాడేవి నడుముకీ కళ్ళకీ మధ్య ఎత్తులో ఉండాలి. నెలసరుకు కింది సొరుగుల్లో ఉండాలి. ఏడాది సరుకు, పండగ బూరెల మూకుడు, పెద్ద గుండిగ అటక మీద. మళ్ళీ చెబుతున్నాను. రోజువి కళ్ళ ముందు, నెలవి కింద, ఏడాదివి అటక మీద. పెద్ద జాడీ అటక మీదుంటే, చిన్న జాడీలో వారానికి సరిపడా ఆవకాయ తీసి కింద పెట్టుకుంటారు. అంతేకదా, మీ అమ్మగారూ అదే చేసేవారు.

కింది భాగంలో తలుపులున్న అరలకన్నా సొరుగులే మేలు. ఖర్చు కాస్త ఎక్కువే. కానీ అరలో వెనకున్న గిన్నె కావాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి. ముందున్న నాలుగూ బయటికి తీయాలి. సొరుగైతే లాగగానే వెనకదీ ముందుకొస్తుంది. యాభై దాటినవాళ్ళకి ఈ తేడా బాగా తెలుస్తుంది. డబ్బు సరిపోకపోతే మెరుపు తలుపులు తగ్గించుకోండి, సొరుగులు మాత్రం తగ్గించకండి.

మిక్సీకీ గ్రైండరుకీ సొంత చోటుండాలి. గ్రైండరు బరువు మీకు తెలుసు. దాన్ని కింది అరలో పెట్టి, ఇడ్లీ పిండికి ప్రతిసారీ ఎత్తి గట్టు మీద పెట్టుకోవాలంటే ఎవరివల్లా కాదు. నెల తిరిగేసరికి బయట పిండి కొంటారు. పొయ్యికి దూరంగా గట్టు చివర ఒక మూల దానికి రాసిచ్చేయండి. అక్కడే ప్లగ్ పాయింటు పెట్టించండి. ప్లగ్గులు ఎక్కడెక్కడ కావాలో గోడలకి కాలవలు కొట్టకముందే తేల్చుకోవాలి. మిక్సీకి మామూలు 6 ఆంపియర్ల పాయింటు చాలు. ఓవెన్‌కి, ఇండక్షన్‌కి 16 ఆంపియర్లది ఉండాలి. పొయ్యి వెనకా, సింకు పక్కనా మాత్రం ప్లగ్గులు వద్దు.

గ్యాసు సిలిండరు గురించి ఒక్కమాట. ఇది అందానికి సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది. గ్యాసు గాలికన్నా బరువు. కారితే కిందికి దిగి నేలమీద పరుచుకుంటుంది. సిలిండరు కనబడకూడదని అరలో పెట్టి తలుపు బిగించేస్తున్నారు. ఆ తలుపుకి కిందిభాగంలో కన్నాలుండాలి. గాలి ఆడాలి. సిలిండరు నిలువుగానే ఉండాలి. పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి. గొట్టం 5 ఏళ్ళకోసారి మార్చాలి. తేదీ గొట్టం మీదే అచ్చువేసి ఉంటుంది, ఇవాళే చూడండి.

ఇప్పుడు బండ దగ్గరికి వద్దాం. రాళ్ళ విషయంలో మనం అదృష్టవంతులం. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే గ్రానైటు చూశారా? నల్లటి రాయిలో బంగారు చుక్కలు. బ్లాక్ గెలాక్సీ అని దేశదేశాలకి వెళుతుంది. కడప బండ ఉంది. పాత ఇళ్ళల్లో గట్టు అదే, అలమర అరలూ అదే. అయినా కొందరు పాలరాయి ఎక్కడినుంచో తెప్పించుకుంటున్నారు.

ఇక్కడ మీరు చూడవలసింది చింతపండుని. మన వంటింట్లో పులుపు లేని పూట లేదు. చారుకి పులుసు పిసుకుతాం, నిమ్మకాయ పిండుతాం. పాలరాయి, కడప బండ, రెండూ సున్నపు రాళ్ళే. పులుపు వాటిని తింటుంది. చింతపండు పులుసు గిన్నె పెట్టిన చోట గుండ్రంగా ఒక గీత పడుతుంది. మెరుపు పోతుంది. మీరు దాన్ని మరక అనుకుని పీచుతో రుద్దుతారు. అది పోదు. అక్కడ రాయి పైపొర కరిగిపోయింది. మళ్ళీ పాలిష్ పట్టాల్సిందే. గ్రానైటుకి ఈ బాధ లేదు. క్వార్ట్జ్ అని కొత్తగా అమ్ముతున్న పలకలకి పులుపు భయం లేదు. కానీ వాటిలో రాతిపొడిని జిగురుతో అంటిస్తారు. పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెడితే మచ్చ పడొచ్చు. కాబట్టి నన్నడిగితే, మన వంటకి గ్రానైటే.

నల్ల గ్రానైటుతో ఒక చిక్కుంది. బోరునీళ్ళ ఊళ్ళల్లో నీటిచుక్క ఆరితే తెల్లమచ్చ మిగులుతుంది. నల్లరాయి మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైగా నలుపు వెలుతురుని మింగేస్తుంది. కిటికీ చిన్నదైతే బూడిదరంగుదో, గోధుమరంగుదో చుక్కల గ్రానైటు తీసుకోండి.

వెలుతురు అన్నాను కదా. రాత్రిపూట మీ వంటింట్లో ఒకసారి గమనించండి. లైటు గది నడిమధ్యలో, మీ వెనక ఉంటుంది. మీ నీడ వెళ్ళి సరిగ్గా చాకు మీద పడుతుంది. పై అలమర అడుగున, మీకు ఎదురుగా, ఒక సన్నటి ఎల్‌ఈడీ పట్టీ పెట్టించండి. వెలుగు నేరుగా తరిగేచోట పడుతుంది. పగలైతే కిటికీ ముందు సింకు ఉండడం మంచిది. పొయ్యి మాత్రం సరిగ్గా కిటికీ ముందు వద్దు. గాలికి మంట ఆరుతుంది.

హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేయమని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. బాగానే ఉంటుంది. వంట చేసే మనిషి ఒంటరిగా ఉండదు. కానీ మనం ఎండుమిర్చి వేయిస్తాం. పచ్చడికి వేయించే రోజు హాల్లో ఉన్నవాళ్ళందరికీ తుమ్ములే. మధ్యలో అద్దాల తలుపు పెట్టించుకోండి. జరిపితే తెరుచుకునేది. కాఫీవేళ తీసేయండి, తాలింపువేళ వేసేయండి. చిమ్నీ పొయ్యికి 26 నుంచి 30 అంగుళాల ఎత్తులో ఉండాలి. దాని గొట్టం ఎంత తక్కువ వంపులతో గోడ దాటితే అంత బాగా లాగుతుంది.

వాస్తు మాట ఎత్తకపోతే మీరు ఊరుకోరని నాకు తెలుసు. ఆగ్నేయంలో పొయ్యి, తూర్పుముఖంగా వంట. పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఆగ్నేయం అనగానే పొయ్యిని గోడమూలలో ఇరికించేస్తారు. బాండీ కాడ గోడకి తగులుతూ ఉంటుంది. మూల నుంచి ఒక అడుగైనా ఇవతలికి జరపండి. ఆగ్నేయం అక్కడికీ వస్తుంది. పోపులపెట్టె ఏ దిక్కున ఉండాలో వాస్తు చెప్పలేదు. అది మీ చెయ్యి చెబుతుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళ సంగతేమిటి? గోడకి మేకు కొట్టాలన్నా ఓనరుని అడగాలి. ఫరవాలేదు. గట్టు ఎత్తు ఎక్కువైతే తరిగేచోట కింద వెడల్పాటి చెక్క వేసుకుని దాని మీద నిలబడండి. జారకుండా అడుగున రబ్బరు వేయండి. తక్కువైతే మందపాటి తరుగుడు చెక్క తెచ్చుకోండి. పెసరపప్పు ఏరడానికీ, చిక్కుళ్ళు వలవడానికీ ఒక మడతబల్ల పెట్టుకోండి. నిలబడి చేయనక్కర్లేని పని నిలబడి చేయడం ఎందుకు? డబ్బాలు మార్చుకోవడానికి ఓనరు అనుమతి అక్కర్లేదు. ఒక సాయంత్రం కూర్చుని పోపు సామాన్లు పొయ్యి పక్కకీ, బియ్యం పప్పులు సింకు పక్కకీ మార్చండి. నెల రోజులు ముట్టుకోని వస్తువులన్నీ గట్టు దింపేయండి.

సొంతిల్లు కట్టుకుంటున్నవాళ్ళు బండ వేయించే ముందు ఒక పని చేయండి. సైటులో ఇటుకలకి కొదవ ఉండదు. మీ కొలత ఎత్తుకి ఇటుకలు పేర్చి, పైన ఒక పలక వేయించండి. ఇంట్లో ఎక్కువగా వండేవాళ్ళు దాని ముందు నిలబడాలి. ఇంటినుంచి చపాతీ పీట, కాస్త పిండి పట్టుకెళ్ళండి. అక్కడే రెండు చపాతీలు ఒత్తి చూడండి. భుజాలు లేస్తున్నాయా? ఒక వరస ఇటుకలు తీయించండి. నడుం వంగుతోందా? ఒక వరస పెంచండి. మేస్త్రీ విసుక్కుంటాడు. "ఎన్ని ఇళ్ళు కట్టలేదమ్మా" అంటాడు. విసుక్కోనివ్వండి. మీ లెక్క తేలాక సుద్దముక్క తీసుకుని గోడమీద గీత గీయండి. పక్కన అంగుళాలు రాయండి. బండ పైతలం ఆ గీతకి రావాలని చెప్పండి. చాలామంది గీతదాకా కట్టి, దాని మీద బండ వేస్తారు. అప్పుడు ఒక అంగుళం పెరుగుతుంది.